సెకండుకు పదిసార్లు

ఇంద్రసేన దగ్గర ఏ గ్రాఫు కావాలన్నా ముందు ఒక కథ వినాలి. ఈ రూలు ఎవరూ పెట్టలేదు. అయినా ఆబిడ్స్‌లో చెప్పుల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉన్న ఆ చిన్న కంపెనీలో అందరికీ ఈ సంగతి తెలుసు. కథ సగంలో లేచిపోయినవాళ్లు ఒకరిద్దరు ఉన్నారు. వాళ్ల గ్రాఫు ఇప్పటికీ రాలేదు.

అందుకే సోమవారం పొద్దున వనిత పళ్లు నూరుకుంటూ ఆఫీసు ఎదురుగా, నాంపల్లి స్టేషన్ రోడ్డులో బాలమల్లు చాయ్ బండి ముందు బెంచీ మీద కూర్చుంది. పదకొండింటికి మీటింగు. మీటింగులో కంపెనీ నడిపే శశికళ మేడం అడిగే ప్రశ్న ఒక్కటే: శనివారం సర్వీసును ముంచింది ఎవరు? జవాబు కూడా మేడం దగ్గర తయారుగానే ఉంది. వనిత.

వాళ్ల కంపెనీది టోకెన్ల సర్వీసు. ఊళ్లో ప్రైవేటు క్లినిక్కులకు వెళ్లే పేషెంట్లు ఇంట్లోనే కూర్చుని ఫోన్లో నొక్కితే, డాక్టరు దగ్గర తమ నంబరు ఎంతో తెలుస్తుంది. ఆ ప్రోగ్రాం రాసేది వనిత. అది నడిచే సర్వర్లను కనిపెట్టుకుని ఉండేది ఇంద్రసేన. సర్వరు ఎంత పని చేస్తోంది, ఎంత అలిసిపోయింది, డిస్కులో జాగా ఎంత మిగిలింది, ఇవన్నీ నిమిషానికోసారి కొలిచి దాచిపెట్టడం ఆయన ఉద్యోగం. నర్సు జ్వరం చూసి చార్టులో గీత గీసినట్టే. ఆ కొలతల తాళాలు కూడా ఆయన చేతిలోనే ఉంటాయి, ఇంకెవరికీ వాటిలోకి తొంగిచూసే వీలు లేదు.

శుక్రవారం రాత్రి క్లినిక్కులన్నీ మూసేశాక వనిత ప్రోగ్రాంలో ఒక చిన్న మార్పు పెట్టింది. శనివారం పొద్దున్నే టోకెన్లు నిలిచిపోయాయి. రక్తపరీక్ష కోసం పరగడుపున వచ్చిన ముసలమ్మ ఒకామె మధ్యాహ్నం దాకా అట్లాగే కూర్చుందని కాంపౌండరు ఫోన్లో వనితను నానా మాటలూ అన్నాడు. సపోర్టు చూసే రవిచంద్ర తనకు చేతనైనట్టు పాత చెత్త కొంత తీసేసి స్టార్టు చేస్తే ఓ గంట నడిచి మళ్లీ పడుకుంది. తేలిందేమిటంటే డిస్కు నిండిపోయింది. ఇంద్రసేన ఆ రోజు ఎవరిదో పెళ్లిలో ఉన్నాడు. అక్కడి నుంచే, లడ్డూ నోట్లో ఉండగానే, "ఇంకేముంటది, వనిత పెట్టిన మార్పే అయ్యుంటది" అని ఫోన్లో తేల్చేశాడు. ఆదివారం సాయంత్రం వనిత మార్పు తీసేశారు, అదే చేత్తో పెద్ద డిస్కు కూడా వేశారు. సర్వీసు లేచి కూర్చుంది. రెండు మందులు ఒకేసారి మింగిస్తే ఏది పనిచేసిందో ఎవరు చెప్పాలి? మేడం చెప్పేసింది. ఈ నెలాఖరుకు కాంట్రాక్టు తీసేసి పర్మనెంట్ చేస్తానని మాటిచ్చిన మేడమే, ఇప్పుడు "ఇగ చూద్దాం లే" అంటోంది.

డిస్కు నిండడం ఎప్పుడు మొదలైందో చూపించే గ్రాఫు ఒక్కటి చేతికొస్తే చాలు. వనిత మార్పు పెట్టకముందే మొదలై ఉంటే ఆమె బయటపడుతుంది. ఆ గ్రాఫు ఇంద్రసేన దగ్గర ఉంది. ఇంద్రసేన చేతిలో చాయ్ కప్పు, పక్కన ఖాళీ సాసర్ ఉన్నాయి.

"గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదు చెల్లె," అన్నాడాయన.

వనితకు ఈ మాట అలవాటే. ఆయన ఇట్లా మొదలుపెట్టాడంటే అది ఇప్పట్లో తెగేది కాదు.

"అన్నా, శుక్రవారం సాయంత్రం గ్రాఫు ఒక్కటి చూపియ్యి. లాప్‌టాప్ నీ సంచిలనే ఉన్నది గద."

"గాడికే వస్తున్న. జర ఆగు. శుక్రవారం ముచ్చట సమజ్ గావాలంటే ముందుగాల చాదర్‌ఘాట్ ముచ్చట తెల్వాలె."

పక్కన కూర్చున్న రవిచంద్ర కాలు మీద కాలేసుకున్నాడు. వాడికి ఉద్యోగం భయం లేదు, పైగా ఇంద్రసేన కథలంటే చెవి కోసుకుంటాడు.

"చాదర్‌ఘాట్ల పాత కంపెనీ. ఒక్కటే సర్వరు. ఒకనాడు డబ్బా ఇప్పి అన్నం తింటున్న, ఒక కన్ను గ్రాఫు మీదనే ఉన్నది. గీత జర లేసింది. గింతే, ఎంట్రుకంత. ఇంకొకడైతే చూడకపోతుండె. నేను ముద్ద డబ్బాలనే ఇడిసిపెట్టి అన్న, అరే, సాయంత్రానికి గీ డిస్కు నిండుతది, ఇప్పుడే ఖాళీ చెయ్యుండ్రి అని. చేసిన్రు. కంపెనీ బతికింది."

ఇంతవరకు నమ్మొచ్చు. వనిత కూడా నమ్మింది. ఇక్కడితో ఆగితే ఆయనా మనిషే, ఆమే మనిషే, అందరూ ఆఫీసుకు పోవచ్చు.

"గంతేనా అన్నా?" అన్నాడు రవిచంద్ర.

వనిత వాడి వైపు కొరకొరా చూసింది. మండే పొయ్యిలో కట్టె ఎగదోస్తావేంరా అన్నట్టు.

"గంతేనా అంటవా?" ఇంద్రసేన సాసర్‌లో కొంచెం చాయ్ పోసుకుని జుర్రుకున్నాడు. "నిమిషానికోసారి కొలిస్తే ఏం తెలుస్తది తమ్మీ? రెప్ప గొట్టే లోపల దునియా మారుతది. సెకండుకోసారి పెట్టిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? గీత జూసి ఎవరు టైపు జేస్తున్నరో పేరు పెట్టి చెప్తుంటి. అక్కౌంట్స్ జితేందర్ పొద్దుగాల ఇంట్ల లొల్లి పెట్టుకోనొస్తే గీత రంపం పండ్ల లెక్క లేస్తుండె. మధ్యాహ్నం వాళ్లింటామె ఫోన్ జేసి మంచిగ మాట్లాడిందనుకో, చక్కగ పండుకుంటుండె. ఆఖరికి ఆమెనే నాకు ఫోన్ జేసి, అన్నా, ఇయ్యాల ఎట్లొస్తడు, కూర ఏం జెయ్యమంటవ్ అని అడిగేది."

"నా స్టవ్వుకు గూడ ఒకటి పెట్టుండ్రి సార్," అన్నాడు బాలమల్లు గిన్నె కలుపుతూ. "పొద్దుగాల సంది సతాయిస్తున్నది."

"అన్నా," అంది వనిత, "నాకు టైం లేదు."

"టైం మాటంటే గుర్తొచ్చింది. ఎనకట నేనేమన్న పారేసిన్నా? పారెయ్యలే. కొలిచినోడు కూలోడు, దాచినోడే ఇంజినీరు. సెకండు సెకండుది దాచిన. అల్మార నిండింది. రూము నిండింది. అంతస్తు నిండింది. కంపెనీవాళ్లను మెట్ల మీద కూసోబెట్టి పని చేపిచ్చిన్రు గాని నన్ను ఒక్క మాటనలే. ఇగ జాగలేక మూసీ ఒడ్డుకు గోడౌన్ కిరాయికి తీసుకున్న. డిస్కులన్నీ గాడ గుమ్మరిచ్చిన. ఏమైతది? గన్ని డిస్కులు ఒక్కసారి తిరిగితే వేడి పుడ్తది. మూసీ నీళ్లకెళ్లి పొగలొచ్చినయ్. చలికాలం, చాకలోళ్లు వేడినీళ్లు దొరికినయని నాకు దండమేసి పోయిన్రు."

రవిచంద్ర తొడ చరుచుకున్నాడు. స్టేషన్ వైపు నుంచి మనుషులు సూట్‌కేసులు లాక్కుంటూ బెంచీకి తగులుతూ పోతున్నారు. ఒక సూట్‌కేసు చక్రం వనిత కాలి మీది నుంచి పోయింది. ఆమెకు ఏడుపొచ్చింది, కాలు నొప్పికి కాదు.

"గా వేడికి డిస్కులు కాలుతయేమోనని నాకు ఫికర్," అని సాగిపోతున్నాడు ఇంద్రసేన. "మొజంజాహీ మార్కెట్ల ఐస్‌క్రీమాయనను బతిలాడిన. ఆయన పెట్టెల సీతాఫలం డబ్బాల నడుమ నా డిస్కులు పెట్టిన. పొద్దున పోయి చూస్తే ఐస్‌క్రీమంత ఉడికి పాయసమయింది. ఆయన నన్ను కొడ్తడనుకున్న. కొట్టుడు కాదు, కాళ్ల మీద పడ్డడు. జనం లైన్ గట్టిన్రు గా పాయసం కోసం. లైన్ కోఠి దాక పోయింది."

"డిస్కులు కడిగే పెట్టినవా అన్నా?" అన్నాడు రవిచంద్ర.

"నువ్వు ఊకో తమ్మీ. ఇంకా వినుండ్రి. డేటాకు బరువుంటదా అని అడుగుతరు తెలివిలేనోళ్లు. నేను పండ్ల తక్కెడల తూచిన. ఖాళీ డిస్కొకటి, నిండిన డిస్కొకటి. నిండింది బత్తాయి పండంత ఎక్కువ తూగింది. గసొంటియి ఎన్నున్నయ్ నా దగ్గర! మార్కెట్ గోపురం నా దిక్కు ఒరిగింది. గడియారం ముల్లు వంకరపోయి పన్నెండు దాటనని మొండికేసింది. నేను పోయి సగం డిస్కులు అవతల గోడకు జరిపిన, గప్పుడు నిలబడ్డది."

వనిత ఫోన్లో టైం చూసుకుంది. మెట్లెక్కడానికి, ఊపిరి తీసుకోవడానికి, కాస్త ముఖం కడుక్కోవడానికి పోను మిగిలింది ఏమంత లేదు. ఈ మనిషి పెళ్లిలో లడ్డూ తింటూ తన మీద వేసిన నింద ఆమెకు రెండు రోజులుగా గొంతులో ముల్లులా ఉంది. పోనీ కోపమొచ్చి లేచిపోదామా అంటే గ్రాఫు రాదు. కూర్చుంటే కథ ఆగదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటే ఇదే కాబోలు అనుకుంది.

ఇంద్రసేన కప్పు వంచి సాసర్ నింపుకున్నాడు. అప్పుడే ఆమె ఒకటి గమనించింది. ఆయన కొత్త కోత కోసే ప్రతిసారీ ముందు సాసర్‌లోకి చాయ్ పోసుకుంటున్నాడు. చాదర్‌ఘాట్ డిస్కు ముచ్చటకు పోయలేదు. జితేందర్ భార్యకు పోశాడు, మూసీకి పోశాడు, పాయసానికి పోశాడు.

"అసలు ముచ్చట ఇప్పుడొస్తది. సెకండుకోసారి నాకు ఆనలే. పదిసార్లు పెట్టిన, వందసార్లు పెట్టిన, వెయ్యిసార్లు పెట్టిన. గంత జోరుగ కొలిస్తే ఏమైతదో ఎర్కేనా? కొలత ముందుగాల వస్తది, సంగతి ఎనక జరుగుతది! రేపటి గ్రాఫు ఇయ్యాల్నే గీస్తది మిషను. నాంపల్లి కోర్టుకెల్లి వకీళ్లొచ్చిన్రు, తీర్పు జర ముందే చూపియ్యుమని. అసెంబ్లీ కాడికెల్లి కార్లేసుకోని వచ్చిన్రు, ఓట్లెన్ని పడ్తయో చెప్పుమని. నేను చేతులు జోడిచ్చి చెప్పిన, సార్, గిది మిషన్ల బాగోగుల కోసం పెట్టింది, మనుషులది చూసుడు పాపం అని. కండ్లల్ల నీళ్లు పెట్టుకోని పోయిన్రు."

ఇక వనితకు ఓపిక తెగిపోయింది.

"రేపటిది చూసేటోనివి, మొన్న శనివారం మన డిస్కు నిండుతదని ఎందుకు చూడలేదన్నా? ముసలామె పరగడుపుతోని కూసున్నది గాడ. పెళ్లిల కనవడలేదా గ్రాఫు?"

బాలమల్లు గరిటె ఆగింది. రవిచంద్ర నవ్వు ఆపుకోలేక అటు తిరిగి, "ఏం చూస్తడు పాపం, మనది నిమిషానికోసారి కొలిచే డొక్కు సిస్టం గద," అన్నాడు.

ఇంద్రసేనకు అది తగలాల్సిన చోట తగిలింది. చేతిలో కప్పు టక్కున బెంచీ మీద పెట్టాడు.

"నిమిషానికోసారా? ఎవడన్నడు? గది పాత ముచ్చట. శుక్రవారం ఆరింటికి ఇంటికి పోయేముందు నేనే మార్చిన. ఇప్పుడు మనది గూడ సెకండుకు పదిసార్లు. ప్రతి సర్వరు, ప్రతి నొక్కుడు, అంత కొలుస్తున్న. మీరింక నిద్రల ఉన్నరు."

సాసర్ ఖాళీగా ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

శుక్రవారం ఆరింటికి, అంటే వనిత తన మార్పు పెట్టకముందే. ఆమె మెల్లగా కప్పు కింద పెట్టి, పొద్దున్నుంచి మొదటిసారి ముఖం నిండా మెచ్చుకోలు తెచ్చుకుంది.

"అబ్బ! సెకండుకు పదిసార్లా అన్నా! మరి గంత డేటా ఎక్కడ దాస్తున్నవ్? గోడౌన్ తీసుకున్నవా?"

"గోడౌన్ ఎందుకు చెల్లె, టోకెన్ల సర్వరుది డిస్కు ఉండనే ఉండె. గాడనే పోస్తున్న. వేరే డిస్కు అడిగితే మేడం ఇస్తదా, ఏంది?"

"పాతయి ఎప్పటికప్పుడు తీసేస్తున్నవేమో."

"ఒక్కటి తియ్యలే! దాచినోడే ఇంజినీరు అని ఇందాకనే చెప్తిగద."

రవిచంద్ర నవ్వు ఎక్కడిదక్కడే ఆరిపోయింది. వాడు కథలు వినే మనిషే కానీ మొద్దు కాదు. శనివారమంతా ఆ సర్వరుతో కుస్తీ పట్టింది వాడే. వాడు నోరు తెరిచేలోపే జేబులో ఫోను మోగింది. అటువైపు అరుపు వనితకు కూడా వినబడింది. క్లినిక్కులో టోకెన్లు మళ్లీ నిలిచిపోయాయి. సోమవారం, పేషెంట్లు గుమ్మం దాకా ఉన్నారు, ఎవరి నంబరు ఎవరిదో తెలియక తోసుకుంటున్నారు.

"నిన్ననే గద కొత్త డిస్కు వేసినం," అన్నాడు రవిచంద్ర, ఎవరితోనో కూడా తెలియకుండా.

"అది గూడ నిండింది," అంది వనిత. "నా మార్పు నిన్ననే తీసేసిన్రు అన్నా. ఇగ గాడ ఉన్నది ఎవరి మార్పు?"

ఇంద్రసేన ముఖంలో రంగులు మారాయి. అటు చూశాడు, ఇటు చూశాడు. కప్పు అందుకుని అడుగున మిగిలిన చాయ్ చుక్కలు సాసర్‌లోకి వంచాడు.

"అరే, గది ఊకెనే అన్న చెల్లె. చాయ్ కాడ ఏదో ముచ్చట పెట్టుకున్నం గద. నేనేం మార్చలే. కోత కోసిన. నిజంగ కోతే."

బాలమల్లు ఆయన్ని వింత చూసినట్టు చూశాడు. "ఎన్నేండ్ల సందో వింటున్న సార్, కోత కోసిన అని మీ నోట్లకెల్లి వచ్చుడు ఇదే మొదలు."

"గది గూడ కోతనే బాలమల్లన్నా," అంది వనిత. "పొద్దుగాల సంది అబద్ధాలన్ని నిజమని చెప్పినవన్నా, విన్న. ఒక్కటంటే ఒక్కటి నిజం చెప్పినవ్. ఇప్పుడు గదాన్ని అబద్ధమంటున్నవ్. లాప్‌టాప్ తియ్యి."

"చెల్లె..."

"తియ్యన్నా. గాడ పేషెంట్లు కొట్టుకుంటున్నరు."

తీశాడు. గ్రాఫు వచ్చింది, కథలేమీ అడగకుండానే. శుక్రవారం సాయంత్రం దాకా గీత నేల మీద పాకుతూ ఉంది. ఆరింటి నుంచి గోడెక్కినట్టు ఎక్కింది. రాత్రి వనిత మార్పు పెట్టిన చోట దానికి చీమ కుట్టినట్టైనా లేదు, తన దారిన తను ఎక్కుతూనే పోయింది. వనిత దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుంది. రెండు రోజుల నుంచి లోపల బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా వదిలి, ఎవరి మీదా కాకుండా, "అయ్యో దేవుడా" అంది.

"ఇగ నిమిషానికోసారి పెట్టు. శుక్రవారం సంది కుప్పవోసినయన్ని తీసెయ్యి."

"అన్నీనా?" ఇంద్రసేన గొంతు చిన్నదైపోయింది. "ఎంత మంచిగొచ్చినయ్ చెల్లె. ఒక్కొక్క నొక్కుడు కనవడుతున్నది. సగమన్న ఉంచుకుంట."

అది కోత కాదని వనితకు తెలిసింది. ఆయనకు ఆ గీతలంటే నిజంగానే ప్రాణం. జాలి కూడా వేసింది, ఓ గుక్క చాయ్ అంత. పరగడుపున కూర్చున్న ముసలమ్మ గుర్తొచ్చి ఆ జాలి పోయింది.

"అన్నీ తీసెయ్యన్నా."

తీసేశాడు. రవిచంద్ర ఫోను చెవికి పెట్టుకుని నిలబడ్డాడు. ఇంద్రసేన స్క్రీను వైపు, బాలమల్లు రవిచంద్ర వైపు, వనిత రోడ్డు వైపు చూస్తున్నారు. "ఆ... ఔ... నడుస్తున్నయా? ఔ ఔ, ఇగ ఆగవు," అని రవిచంద్ర ఫోను పెట్టేశాడు. పెట్టేసి వనిత ముఖం చూడలేక చెవి గోక్కున్నాడు. "శనివారం నేను గూడ నీ మీదనే అనుకున్న వనితా. తప్పయింది."

"పైకి పోయి చెప్పు గా మాట," అంది వనిత లేస్తూ.

ఇంద్రసేన కూడా లేచాడు. సంచి భుజానికి తగిలించుకుని, జుట్టు సవరించుకున్నాడు. అప్పుడే ముఖంలోకి పాత కళ కొంచెం కొంచెం తిరిగొస్తోంది.

"మేడంకు నేను చెప్త చెల్లె. నువ్వు పరేషాన్ గాకు. నాకు జర మంచిగ చెప్పొస్తది. అసలు గీ డిస్కు సంగతి పట్టుకున్నది ఎట్లా అంటే..." అంటూనే బెంచీ మీది కప్పు ఎత్తి, "బాలమల్లూ, ఇంకొక్క చాయ్ పొయ్యి," అన్నాడు. రెండో చెయ్యి సాసర్ కోసం వెతికింది.

సాసర్ అక్కడ లేదు. వనిత అప్పటికే దాన్ని తీసి బాలమల్లు కడిగే తొట్లో వేసేసింది.

"నువ్వే చెప్పాలె అన్నా," అంది. "శుక్రవారం ఆరింటి కాడికెల్లి మొదలుపెట్టు. చాయ్ వద్దు."